గ్రామసభ రోజున పిల్లలు ఎక్కడుండాలి?

సంపాదకుడు గారికి, నమస్కారం.

2024 ఆగస్టు 23న మన ఆంధ్రప్రదేశ్‌లోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు జరిగాయి. ఉపాధి హామీ కింద ఏ ఊళ్లో ఏ పనులు చేపట్టాలో ఊరివాళ్లే కూర్చుని తీర్మానించుకోవాల్సిన రోజది. ఆ రోజు శుక్రవారం, బడి ఉన్న రోజు. స్థానిక ప్రభుత్వాల గురించి పరీక్ష రాయాల్సిన పిల్లలు ఆ సభ రెండు వీధుల అవతల జరుగుతుంటే తరగతి గదిలోనే ఉండిపోయారు.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఫార్మేటివ్ పరీక్షల్లో ప్రాజెక్టుకు మార్కులున్నాయి. పంచాయతీ మీద ప్రాజెక్టు ఇస్తే పిల్లలు నెట్ సెంటర్‌కెళ్లి ఏదో పంచాయతీ ఆఫీసు బొమ్మ ప్రింట్ తీయించి, చార్టుకు అంటించుకొస్తారు. సొంత ఊరి పంచాయతీ ఆఫీసు గడప మాత్రం తొక్కరు.

ఒకసారి తొమ్మిదో తరగతి పిల్లల్ని, సర్పంచ్ గారిని అడిగి, గ్రామసభకు తీసుకెళ్లాను. చాలాసేపు ఇంటిపన్ను బకాయిల లెక్కలే చదివారు. ఆఖర్న ఒక అమ్మాయి లేచి, బడి గేటు ముందు మురుగుకాల్వకు మూత ఎప్పుడు వేస్తారని అడిగింది. ఆ కాల్వ మాది కాదమ్మా, ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ) వాళ్లదని కార్యదర్శి చెప్పారు. మర్నాడు క్లాసులో ప్రశ్నలే ప్రశ్నలు. ఆర్ అండ్ బీ అంటే ఎవరు టీచర్? అర్జీ ఎక్కడివ్వాలి? వాళ్లు పట్టించుకోకపోతే? కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకుంటారని చెప్పాను. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలని, ఎందుకు అడుగుతున్నావని కారణం అడగకూడదని చెప్పాను. కేంద్ర జాబితా, రాష్ట్ర జాబితా బోర్డు మీద రాసిన రోజుల్లో ఇలాంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు.

2025 నవంబర్ 26న, రాజ్యాంగ దినోత్సవాన, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిపారు. సంతోషం. కానీ ఆ అవకాశం నియోజకవర్గానికి ఒకరికి దక్కితే గొప్ప. గ్రామసభ ప్రతి ఊళ్లోనూ ఉంది, పైగా అది ఉత్తుత్తి సభ కాదు.

పిల్లల్ని రాజకీయాల్లోకి లాగుతారా అని కొందరు తల్లిదండ్రులు నన్ను నిలదీశారు. సభల్లో పార్టీల గొడవలు జరిగే మాట నిజమే, ఆ భయం నాకూ ఉంది. అయితే ఆ గొడవలు పిల్లలు అరుగుల మీద, ఫోన్లలో రోజూ వింటూనే ఉన్నారు. ఒక లెక్క అడగడం, దానికి రిజిస్టర్ చూసి జవాబు చెప్పడం మాత్రం వాళ్లకెక్కడా కనపడదు. పదో తరగతి పిల్లలకు ఇంకో రెండు మూడేళ్లలో ఓటు వస్తుంది. 17 నిండితే ముందుగానే దరఖాస్తు పెట్టుకునే వీలు 2022 నుంచి ఉంది. ఇప్పుడు కాకపోతే మరి ఎప్పుడు నేర్పుతాం?

పాఠశాల విద్యాశాఖ, పంచాయతీరాజ్ శాఖ కలిసి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. ఏడాదికి ఒక సభకైనా తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని పంపాలి. మొదటి పావుగంట వాళ్ల ప్రశ్నలకు వదలాలి. చూసింది చూసినట్టు సొంత మాటల్లో రాసుకొస్తే దాన్నే ప్రాజెక్టుగా తీసుకుని మార్కులివ్వాలి. సభ తేదీ కనీసం వారం ముందు బడికి తెలియజేయాలి. ఇప్పుడైతే ఊళ్లో దండోరా వేశాకే మాకు తెలుస్తోంది.

– ఒక సోషల్ ఉపాధ్యాయురాలు, బాపట్ల జిల్లా