తెరమీద చూపితే చాలదు, పిల్లల చేత చేయించాలి

సంపాదకుడు గారికి,

చెన్నై బడుల్లో స్మార్ట్ తరగతులు పెరుగుతున్నాయి, సంతోషం. కానీ చాలాచోట్ల టీచరు వీడియో పెడతారు, పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు. కంప్యూటర్‌తో చదువు అంటే ఇది కాదు.

నోబెల్ గ్రహీత, భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వైమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన 'ఫెట్' (PhET) ప్రయోగాలు, అంటే పిల్లలు కంప్యూటర్ తెరమీద తామే చేసి చూసే సైన్సు ప్రయోగాలు, ఉచితం. వాటిలో కొన్నిటికి తెలుగు రూపం ఉంది. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా నడుస్తాయి. ఏడో తరగతి చదివే మా పాప అందులో విద్యుత్ వలయం కట్టింది. బ్యాటరీ రెండు కొనలనూ ఉత్త తీగతో కలపగానే తెరమీద మంటలు లేచాయి. "అమ్మా, బల్బు పెట్టలేదు!" అంటూ తీగ తీసేసి బల్బు కలిపింది. రెండో బ్యాటరీ చేర్చి, వెలుగు పెరగడం చూసింది. షార్ట్ సర్క్యూట్ గురించి నేను విడిగా చెప్పాల్సిన పనే లేకపోయింది. నిజం తీగలతో పసివాళ్లను ఇలా చెయ్యనిస్తామా?

ఉత్తర చెన్నైలోని తెలుగు ఇళ్ల పిల్లలకు ఇది మరీ అవసరం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, సైన్సు పుస్తకమేమో ఇంగ్లిషు. అదే ప్రయోగాన్ని తెలుగులో ఓసారి, ఇంగ్లిషులో ఓసారి చేస్తే పాఠం బుర్రకెక్కుతుంది.

మా పాప బడిలో కంప్యూటర్ ల్యాబ్ ఉన్నా ఎక్కువ రోజులు తాళమే. టీచర్లను తప్పుపట్టను, వాళ్లకు తగిన శిక్షణ ఎవరిచ్చారు? వచ్చే విద్యా సంవత్సరం నుంచి సైన్సుకు వారానికొక ల్యాబ్ పీరియడు కేటాయించి, ముందుగా టీచర్లకు శిక్షణ ఇప్పించాలని విద్యాశాఖను కోరుతున్నాను.

- ఒక తల్లి, కొరుక్కుపేట, చెన్నై