కొట్టేటియి ఆరున్నయి, కాసేది ఏది?

హన్మకొండ

బిడ్డా,

నువ్వు పంపిన పోకెమాన్ వీడియో గేమ్ టీం చూసిన. ఫ్లట్టర్ మేన్, డ్రాగొనైట్, గార్చాంప్, చియెన్-పావ్, చీ-యూ, వాటర్ ఉర్షిఫు. ఆరింటికి ఆరూ గట్టిగ కొట్టేటియే. మీ కాలేజీ పోటీ డబుల్స్ అని రాసినవు. అంటే ఆరింటిని చూపెట్టి నాలుగింటిని దించుతవు, రెండేసి ఒక్కసారే ఆడుతయి, అన్నింటి లెవెలూ 50. ఈ ఆటల ఆరూ కొట్టేటియే ఉంటే గెలుసుడు కష్టం. కబడ్డీల ఏడుగురూ కూతకు పోయేటోళ్లే అయితే అవతలి రైడర్‌ను పట్టేటోడు ఎవడు?

ముందుగాల టైపుల లెక్క తీయి. టైపంటే నిప్పు, నీళ్లు, మంచు అసొంటి రకం, ఒక్కో పోకెమాన్‌కు ఒకటో రెండో ఉంటయి. నోటుబుక్కుల అడ్డంగ 18 టైపులు, నిలువుగ నీ ఆరు పేర్లు రాయి. ఏ టైపు దెబ్బ దేనికి రెండింతలు తగుల్తదో, ఏది సగమే తీసుకుంటదో గుర్తు పెట్టు. ఫెయిరీ గడి కాడికి రాంగనే నీకే తెలుస్తది: డ్రాగొనైట్, గార్చాంప్, చియెన్-పావ్, ఉర్షిఫు నాలుగూ ఫెయిరీకి బలహీనం. మిగిలిన రెండిటికి మామూలు దెబ్బ. తట్టుకునేది ఒక్కటి లేదు. ఎదుటి పిల్ల ఫ్లట్టర్ మేన్ దించి డాజ్లింగ్ గ్లీమ్ (రెండింటికీ తగిలే ఫెయిరీ దెబ్బ) వేస్తే నీ దిక్కు రెండూ ఒక్కసారే కూలుతయి. ఒకే టైపుకు మూడు బలహీనంగ ఉంటే, దాన్ని తట్టుకునేటియి కనీసం రెండన్నా ఉండాలె.

ఇంకో సంగతి నువ్వు గమనించినట్టు లేదు. చియెన్-పావ్ ఎబిలిటీ (దానికుండే సొంత గుణం) ఎదుటోళ్ల డిఫెన్స్‌ను మాత్రమే 25 శాతం తగ్గించదు, పక్కన నిలబడ్డ నీ పోకెమాన్‌ది గూడ తగ్గిస్తది. చీ-యూ స్పెషల్ డిఫెన్స్‌ను గట్లనే తగ్గిస్తది. ఫ్లట్టర్ మేన్ బేస్ స్టాట్స్ (మూల అంకెలు) చూస్తే హెచ్‌పీ (ప్రాణం) 55, డిఫెన్స్ 55. దాని పక్కన చియెన్-పావ్‌ను నిలబెడితే ఎవరి గట్టి ఫిజికల్ దెబ్బ తగిలినా కతమే.

గార్చాంప్ ఎర్త్‌క్వేక్ పక్కోన్ని గూడ కొడ్తది గనుక డ్రాగొనైట్ ఎగురుతదని దాని పక్కన పెట్టినవు. ఆలోచన బాగున్నది. కాని డ్రాగొనైట్‌కు నార్మల్ టెరా (ఆట నడుమ టైపు మార్చుకునే శక్తి) ఇచ్చినవు. టెరా చేసినంక అది ఫ్లయింగ్ కాదు, నేల మీద ఉన్నట్టే లెక్క. నీ ఎర్త్‌క్వేకే దాన్ని కొడ్తది. టెరా ఎంచుకునేటప్పుడు వచ్చే బలం ఒక్కటే కాదు, పోయే టైపు గూడ చూడాలె.

ఇగ మార్పులు. ఫ్లట్టర్ మేన్, ఉర్షిఫు ఉండనీ. డ్రాగొనైట్ నీకు ఇష్టమని తెలుసు, అది గూడ ఉండనీ, దాన్ని నిలబెట్టే తీరు కింద రాస్త. గార్చాంప్, చియెన్-పావ్, చీ-యూ మూడింటిని తీసి టోర్నడస్, రిల్లాబూమ్, ఇన్సినరోర్ పెట్టు. ముందు మీ పోటీల ఏయే పోకెమాన్లకు అనుమతి ఉన్నదో ఆ జాబితా చూసుకో. నిబంధనలు మారుతుంటయి, ఒక్కోసారి ఫ్లట్టర్ మేన్ అసొంటియి మొత్తానికే ఉండయి.

ఈ మూడింటిల ఇన్సినరోర్ అన్నిటికన్న ముఖ్యం. అది వచ్చినప్పుడల్లా ఇంటిమిడేట్‌తోని ఎదుటి రెండింటి అటాక్ మూడుల రెండొంతులకు పడిపోతది. ఫేక్ అవుట్‌తోని ఒకదాన్ని ఆ టర్న్ ఆపుతది. పార్టింగ్ షాట్ వేసి తను ఎనుకకు వచ్చి ఇంకోదాన్ని దెబ్బ తగలకుండ దించుతది. అది ఎంతమందిని పడగొట్టిందని లెక్క పెట్టకు, పక్కదానికి ఎన్ని టర్న్‌లు సంపాదించి పెట్టిందో చూడు. కింగాంబిట్ ఎదురుంటే మాత్రం జాగ్రత్త. డిఫయంట్ ఉన్నది గనుక ఇంటిమిడేట్ తగలంగనే దాని అటాక్ రెండు మెట్లు పెరుగుతది. గోల్డెంగో మీద పార్టింగ్ షాట్ పనిచెయ్యదు, స్టేటస్ మూవ్ (నేరుగ దెబ్బ కొట్టనిది) ఏదీ దానికి అంటదు.

రిల్లాబూమ్ రాంగనే గ్రాసీ టెరైన్ (మైదానమంత గడ్డి పరుసుకునుడు) వస్తది. నేల మీద ఉన్నయి టర్న్ టర్న్‌కు హెచ్‌పీల 16వ వంతు కోలుకుంటయి, ఎర్త్‌క్వేక్ బలం సగమైతది. ఇన్సినరోర్‌కు గ్రౌండ్ భయం గిట్ల తగ్గుతది. ఇప్పుడు డ్రాగొనైట్‌కు స్టీల్ టెరా పెట్టు. నాలుగింతలు తగిలే ఐస్ సగానికి వస్తది, ఫెయిరీ గూడ సగానికి వస్తది. టెరా చేసినంక నేల మీద ఉంటది గనుక టెరైన్ వైద్యం దానికి గూడ అందుతది. స్టీల్‌కు గ్రౌండ్ బలహీనతే, కాని ఎర్త్‌క్వేక్‌ను టెరైన్ సగం చేస్తున్నది. ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చుడంటే ఇదే. ఈ టీంల గూడ ఐస్‌కు డ్రాగొనైట్, టోర్నడస్, రిల్లాబూమ్ మూడు బలహీనమే. కాని ఇన్సినరోర్, ఉర్షిఫు తట్టుకుంటయి, అవసరమైతే టెరా ఉన్నది.

బలం తీరు తెలువాలంటే 2014ల వాషింగ్టన్‌ల జరిగిన ప్రపంచ పోటీ యాద్జేసుకో. కొరియా ఆటగాడు సెజున్ పార్క్ పచిరిసును పట్టుకొని గెలిచిండు. దాని మొత్తం బేస్ స్టాట్స్ 405 మాత్రమే. ఫాలో మీ వేసి దెబ్బలన్నీ తన దిక్కు గుంజుకునేది. గ్యారడోస్ మీదికి వచ్చే కరెంటు మూవ్‌లను వోల్ట్ అబ్జార్బ్‌తోని మింగేది. పక్కదానికి అవసరమున్నది గనుకనే దానికి టీంల జాగ దొరికింది.

అన్నిటికన్న ఎక్కువ సేపు స్పీడ్ మీద కూసో. డబుల్స్‌ల ముందు కదిలేటోడే సగం ఆట గెలుస్తడు. నీ పాత టీంల రెండింటి స్పీడ్‌నూ ఒక్కసారే మార్చేది ఒక్కటి గూడ లేదు. టోర్నడస్‌కు ప్రాంక్‌స్టర్ (స్టేటస్ మూవ్‌లు ముందుగాల పడేటట్టు చేసే ఎబిలిటీ) ఉన్నది, టెయిల్‌విండ్ ముందే వేస్తది. వేసిన టర్న్‌తోని కలిపి 4 టర్న్‌లు నీ దిక్కు స్పీడ్ రెండింతలు. ఆ 4 టర్న్‌లల్ల ఏం చెయ్యాల్నో ముందే అనుకోకపోతే గాలి ఉత్తగ పోతది, గందుకే టెయిల్‌విండ్ వేసే టర్న్‌లనే పక్కది కొట్టాలె.

ఇప్పుడు అంకెలు. టిమిడ్ నేచర్ (నేచర్ ఒక స్టాట్‌ను పెంచి ఇంకోదాన్ని తగ్గిస్తది, టిమిడ్ స్పీడ్‌ను పెంచుతది), స్పీడ్‌కు 252 ఈవీలు (మనం పంచిపెట్టే పాయింట్లు) పెట్టిన ఫ్లట్టర్ మేన్ స్పీడ్ లెవెల్ 50ల 205. నీ డ్రాగొనైట్ ఈవీలు లేకుండ 100. 20 ఈవీలు పెడితే 103, టెయిల్‌విండ్‌ల 206. ఒక్క పాయింట్‌తోని దాన్ని దాటిపోతవు. నువ్వు 252 పెట్టినవు, అండ్ల 232 వేస్టే. ఆ ఈవీలు హెచ్‌పీకి ఇయ్యి.

కాని ఎదుటి ఫ్లట్టర్ మేన్ కాడ బూస్టర్ ఎనర్జీ ఐటెం ఉంటే స్పీడ్ ఒకటిన్నర రెట్లు, 307 అయితది. ఉర్షిఫుకు అడమెంట్ (అటాక్ పెంచే నేచర్) పెట్టినవు గదా, పూర్తి ఈవీలతోని గూడ 149, టెయిల్‌విండ్‌ల 298. అందదు. జాలీ (స్పీడ్ పెంచే నేచర్) పెడితే 163, టెయిల్‌విండ్‌ల 326. కొంచెం దెబ్బ తగ్గినా సరే, ఈ టీంకు జాలీయే పెట్టు. నీ ఫ్లట్టర్ మేన్‌కు స్పెషల్ అటాక్ పెంచే మాడెస్ట్ నేచర్ ఉన్నది. బూస్టర్ ఎనర్జీ అన్నిటికన్న పెద్ద స్టాట్‌కే పోతది గనుక మాడెస్ట్‌ల అది స్పెషల్ అటాక్‌కు పోతున్నది, స్పీడ్‌కు కాదు. టిమిడ్ చెయ్యి. ఒకసారి ఎనుకకు పిలిస్తే ఆ బూస్ట్ పోతది, ఐటెం గూడ అయిపోయినట్టే. దించినంక దాన్ని మైదానంలనే ఉంచాలె.

డ్రాగొనైట్‌కు అడమెంట్ నేచర్, అటాక్ 252, హెచ్‌పీ 236, స్పీడ్ 20. హెచ్‌పీ 196, అటాక్ 204 వస్తది. మొత్తం 510 ఈవీలు ఇచ్చినా పనికొచ్చేటియి 508. లెవెల్ 50ల ఐవీ (పుట్టుకతోని వచ్చే పాయింట్లు) 31 ఉంటే మొదటి పాయింట్‌కు 4 ఈవీలు చాలు, తర్వాత ప్రతి పాయింట్‌కు 8. 4, 12, 20, 28 గిట్ల పోవాలె. 10 పెట్టినా 4 పెట్టినా ఫలితం ఒక్కటే.

పోకెమాన్ స్కార్లెట్ గేమ్‌ల పెట్టేటప్పుడు: ఒక్కో విటమిన్ 10 ఈవీలు ఇస్తది, ఒక్కో ఫెదర్ 1 ఇస్తది. డ్రాగొనైట్‌కు స్పీడ్ కోసం కార్బోస్ 2, హెచ్‌పీ కోసం హెచ్‌పీ అప్ 23, హెల్త్ ఫెదర్లు 6, అటాక్ కోసం ప్రొటీన్ 25, మజిల్ ఫెదర్లు 2. ఆటలోని చాన్సీ సప్లై దుకాణంల విటమిన్ ఒక్కోటి 10,000 గనుక ఆట పైసలు మస్తు పోతయి. పైసలు లేకుంటే పవర్ ఐటెం పట్టించి అడివి పోకెమాన్లను కొట్టియ్యి. ఇప్పటికే పెట్టిన స్పీడ్ ఈవీలను టమాటో బెర్రీతోని 10 చొప్పున ముందు తగ్గించుకో, లేకుంటే కొత్తయి పట్టయి. నేచర్‌కు మింట్ చాలు, ఒక్కోటి 20,000. టెరా టైపు మార్చాలంటే స్టీల్ టెరా షార్డ్‌లు 50 కావాలె.

ఇవన్నీ కొనేముందు షోడౌన్ అనే పోకెమాన్ సైట్‌ల ఆడి చూడు. బ్రౌజర్‌ల నడుస్తది, పైసా ఖర్చు లేదు, హాస్టల్ వైఫైకి గూడ సరిపోతది. దెబ్బల లెక్కకు డ్యామేజ్ కాలిక్యులేటర్ వాడు. దెబ్బ ఎప్పుడూ ఒక్క తీరుగ ఉండదు, 85 నుంచి 100 శాతం దాక 16 మెట్లు ఉంటయి. పదహారిట్ల పదమూడుసార్లు పడిపోతదంటే అది ఖాయం కాదు. గురి గూడ చూడు. టోర్నడస్ బ్లీక్‌విండ్ స్టార్మ్ గురి 80 శాతం, రెండింటికీ తగిలే అవకాశం 64 శాతమే. వాన పడుతుంటే తప్పది. కాని వానల ఇన్సినరోర్ ఫ్లేర్ బ్లిట్జ్ సగమైతది.

ఒకే ఐటెం రెండు పోకెమాన్లకు ఉండొద్దు. నువ్వు ఉర్షిఫుకు చాయిస్ స్కార్ఫ్ (స్పీడ్ పెంచి ఒకే మూవ్‌కు కట్టేసే ఐటెం) ఇచ్చి ప్రొటెక్ట్ (ఆ టర్న్ దెబ్బలను ఆపేది) మూవ్ గూడ పెట్టినవు. ఒకసారి ప్రొటెక్ట్ నొక్కితే ఎనుకకు పిలిచేదాక అదే మూవ్‌ల ఇరుక్కపోతది. దానికి మిస్టిక్ వాటర్ ఇచ్చి ప్రొటెక్ట్ ఉంచు. ఎదుటిదాని కాడ రాకీ హెల్మెట్ ఐటెం ఉంటే, ఉర్షిఫు సర్జింగ్ స్ట్రైక్స్ మూడుసార్లు తాకుతది గనుక ప్రతిసారి ఉర్షిఫుదే ఆరో వంతు హెచ్‌పీ పోతది, అంటే సగం. రిల్లాబూమ్‌కు అసాల్ట్ వెస్ట్, అప్పుడు అన్నీ దెబ్బ మూవ్‌లే ఉండాలె, ఫేక్ అవుట్ గూడ దెబ్బ మూవే గనుక నడుస్తది. ఇన్సినరోర్‌కు సేఫ్టీ గాగుల్స్ పెడితే అమూంగస్ వేసే స్పోర్ (నిద్రపుచ్చే మూవ్) తగలదు. ఫ్లట్టర్ మేన్‌కు బూస్టర్ ఎనర్జీ, డ్రాగొనైట్‌కు లైఫ్ ఆర్బ్, టోర్నడస్‌కు ఫోకస్ సాష్ (నిండు హెచ్‌పీ ఉంటే ఒక్క దెబ్బకు పడనియ్యదు) లేదా కవర్ట్ క్లోక్ (దెబ్బతోని వచ్చే అదనపు ప్రభావాలను ఆపుతది).

నీకు ఎక్కువ ఇబ్బంది పెట్టేది ట్రిక్ రూమ్, అంటే స్పీడ్ తక్కువున్నయే ముందు కదిలేటట్టు చేసే మూవ్. ఫారిజిరాఫ్ కనపడితే దాని ఆర్మర్ టెయిల్ (ముందుగాల పడే మూవ్‌లను ఆపే ఎబిలిటీ) గుర్తు పెట్టుకో. ఆ దిక్కు మీద ఫేక్ అవుట్, ప్రాంక్‌స్టర్ టాంట్, ఎక్స్‌ట్రీమ్ స్పీడ్, గ్రాసీ గ్లైడ్ ఏవీ పనిచెయ్యయి. ట్రిక్ రూమ్ అన్నిటికన్న ఆఖర్న కదులుతది గనుక ఆ టర్న్ మొత్తం నీదే. నీ రెండూ ఫారిజిరాఫ్‌నే కొట్టాలె. ఇన్సినరోర్ నాక్ ఆఫ్, ఉర్షిఫు యూ-టర్న్ రెండూ దానికి రెండింతలు తగుల్తయి. అయినా పడకపోతే భయపడకు. ట్రిక్ రూమ్ 5 టర్న్‌లు, వేసిన టర్న్ పోను 4 మిగుల్తయి. ప్రొటెక్ట్, పార్టింగ్ షాట్, ఎనుకకు పిలుసుడు ఇవన్నీ వాడి ఆ నాలుగు దాటించు. ఒకే పోకెమాన్‌తోని వరుసగ రెండోసారి ప్రొటెక్ట్ వేస్తే పనిచేసే అవకాశం మూడుల ఒకటే.

ఇండీడీ సైకిక్ టెరైన్ వేసినా నేల మీదియి ఫేక్ అవుట్‌కు దొరకయి. అప్పుడు రిల్లాబూమ్‌ను ఎనుక ఉంచుకొని తర్వాత దించు, అది రాంగనే పాత టెరైన్ పోతది.

టీం చూపెట్టే కాడ 90 సెకండ్లే ఉంటయి, టర్న్‌కు 45. గందుకే ఏ నాలుగు, ఏ రెండు ముందు అన్నది కాయితం మీద ముందే రాసి పెట్టుకో. మామూలు టీంలకు టోర్నడస్, ఉర్షిఫు ముందు, ఫ్లట్టర్ మేన్, ఇన్సినరోర్ ఎనుక. ట్రిక్ రూమ్ టీంలకు ఇన్సినరోర్, ఉర్షిఫు ముందు, రిల్లాబూమ్, డ్రాగొనైట్ ఎనుక.

ఓడినప్పుడల్లా టీం మార్చకు. 20 ఆటలు ఇదే టీంతోని ఆడి ప్రతి ఆటకు మూడు రాయి: ఏ నాలుగు దించినవు, ఎదుట ఏది ఎక్కువ కొట్టింది, ఏ టర్న్‌ల ఆట చెయ్యి జారింది. 20ల నాలుగైదుసార్లే దించింది ఏదన్నా ఉంటే దాని జాగల ఇంకోటి చూద్దాం. అది డ్రాగొనైటే అయితే గోల్డెంగో పెట్టు, ఐస్‌ను, ఫెయిరీని టెరా లేకుండనే తట్టుకుంటది.

సద్దుల బతుకమ్మకు ఇంటికి వస్తవు గదా, ఆ కాయితం తీస్కరా. ఈలోపల టోర్నడస్‌కు సాష్ బాగున్నదో క్లోక్ బాగున్నదో సగం సగం ఆటలు ఆడి చూసి ఫోన్ చెయ్యి. అమ్మ అడిగిందని చెప్పమన్నది, యాళ్లకు తిను.

నీ బాపు