ఆకలేస్తుంది గానీ, ఆకలిని కలిగి ఉండం

శ్రీకాకుళం

కస్టమర్ కేర్ వారికి,

విషయం: 'తెలుగులో స్పానిష్' ఆరు నెలల కోర్సులో తప్పులు, డబ్బు వాపసు గురించి

అయ్యా,

నేను సరుకు ఓడల్లో పనిచేస్తాను. ఈసారి స్పెయిన్‌లోని వాలెన్సియా రేవుకి వెళ్లాలి. సెలవులో నాలుగు ముక్కలు నేర్చుకుందామని మీకు 2,400 రూపాయలు కట్టాను. 'ఇంగ్లీషు రానక్కర్లేదు' అన్నారు. తీరా చూస్తే స్పానిష్‌ని ఇంగ్లీషులోకి, ఆ ఇంగ్లీషుని తెలుగులోకి తిప్పి మా నెత్తిన పెట్టారు.

మూడో పాఠంలో 'తెంగో ఆంబ్రే' అంటే 'నేను ఆకలిని కలిగి ఉన్నాను' అట. పరీక్షలో 'నాకు ఆకలేస్తోంది' అని రాస్తే ఎర్ర ఇంటూ పడింది. పైకి చదువుతుంటే వంటింట్లోంచి మా అమ్మ, "ఆకలేస్తే తినాల గానీ, కలిగుండడం ఏట్రా?" అంది. ఆవిడకున్నపాటి తెలుగు మీ యాప్‌కి లేదు.

'మె గుస్తా ఎల్ కఫే' ఇంగ్లీషువాడికి తిరకాసు, మనకి కాదు. 'మె' అంటే నాకు, 'గుస్తా' అంటే నచ్చుతుంది. నచ్చేవి రెండైతే 'గుస్తాన్', నచ్చుతాయి. అచ్చం మన మాటే. మీరేమో 'నేను ఇష్టపడతాను' అని నేర్పి, క్రియ ఎందుకు మారిందో చెప్పడానికి రెండు పేజీల వ్యాకరణం పెట్టారు. 'తూ' అంటే నువ్వు, 'ఉస్తెద్' అంటే మీరు. రెండింటికీ 'మీరు' అనేశారు. మనకి 'నువ్వు' లేనట్టు!

అసలు దెబ్బ ఏడో పాఠంలో తగిలింది. 'సోయ్ అబుర్రీదో' అంటే 'నాకు విసుగ్గా ఉంది' అని రాశారు. వీడియో క్లాసులో టీచరమ్మ ఎలా ఉన్నావంటే అదే అప్పజెప్పాను. ఆవిడ నవ్వాపుకోలేకపోయారు. నేనన్నది 'నేను విసుగు పుట్టించే మనిషిని' అని! విసుగ్గా ఉంటే 'ఎస్తోయ్ అబుర్రీదో' అనాలి. ఇంగ్లీషులో రెండింటికీ 'ఐ యామ్' ఒక్కటే కాబట్టి మీరూ ఒకే గాట కట్టేశారు.

మాట మొదట్లో ఉన్నా స్పానిష్‌లో పలకని 'హెచ్' అక్షరాన్ని పట్టుకుని, 'మాట్లాడతాను' అనే మాటని 'హాబ్లో' అని తెలుగులో అచ్చువేయడం మరొకటి. అది 'ఆబ్లో'.

యాప్‌లో రెండుసార్లు చెప్పాను. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని రెండుసార్లూ అదే జవాబు. ఓడెక్కడానికి 20 రోజులే ఉంది. మిగిలిన నాలుగు నెలలకి 1,600 రూపాయలు ఈలోగా వెనక్కివ్వండి. ఆ రెండు పాఠాలూ తెలుగు మాట్లాడేవాళ్లచేత తిరగరాయించండి.

రసీదు, ఎర్ర ఇంటూ పడ్డ పేజీ ఫొటో జతచేశాను.

ఇట్లు,
మీ చందాదారుడు