ఉద్యోగం వదిలినా వదలని ల్యాప్‌టాప్: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇంటి నుంచి పనిచేసే ఐటీ, బీపీఓ (ఇతర కంపెనీల పనులు చేసిపెట్టే సంస్థల) ఉద్యోగులు ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ల్యాప్‌టాప్ అప్పగింత పేరుతో పడుతున్న ఇబ్బందుల గురించి మేము కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ అర్జీలు ఇచ్చాం. అందినట్టు ఒక నంబరు ఇచ్చారు. ఆ తర్వాత జవాబు లేదు. వెళ్లి అడిగితే పరిశీలనలో ఉందన్నారు. ఎవరి పరిశీలనలో ఉందో చెప్పలేదు. అందుకే ఈసారి అందరి ముందూ, నా భాషలో రాస్తున్నాను. ఈ బాధ పడుతున్నవారిలో చాలామంది బెంగళూరు ఉద్యోగాన్ని అనంతపురం, హిందూపురం, మదనపల్లె, చిత్తూరు ఇళ్లలో కూర్చుని చేస్తున్న తెలుగువాళ్లు. ఈ ఉత్తరం వాళ్లకూ చేరాలి.

నా పని ఐటీ సపోర్ట్. ఉద్యోగుల ల్యాప్‌టాప్‌లను దూరం నుంచి నిర్వహించడం, అప్‌డేట్లు పంపడం, యంత్రం పోయిందని ఎవరైనా ఫోను చేస్తే వెంటనే దాన్ని లాక్ చేయడం. కాబట్టి భద్రతా నియమాలు ఎందుకని నేను అడగను. ఆఫీసులో ఉన్న కంప్యూటరుకు గేటు, కాపలా, కెమెరా, సొంత నెట్‌వర్క్ ఉంటాయి. ఇంట్లో ఉన్నదానికి డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాను ఇతరులు చదవలేకుండా మార్చి ఉంచడం), వీపీఎన్ (కంపెనీ నెట్‌వర్క్‌కు రహస్య దారి), సమయానికి వేసిన ప్యాచ్ (లోపాలు సరిదిద్దే అప్‌డేట్) తప్ప వేరే రక్షణ లేదు. సైబర్ దాడి జరిగితే 6 గంటల్లోగా తెలియజేయాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. వ్యక్తిగత సమాచారాన్ని కాపాడలేని సంస్థకు 250 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. ఇంత బరువు నెత్తి మీద ఉన్నప్పుడు కంపెనీలు జాగ్రత్త పడతాయి, పడాలి కూడా. ఆ జాగ్రత్తకు అయ్యే ఖర్చునూ, అందులో జరిగే పొరపాట్లకు శిక్షనూ నెలజీతం మీద బతికే మనిషి మీద వేయడాన్ని మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

చివరి పనిదినం ఎలా గడుస్తుందో చెబుతాను. సాయంత్రం ఆరు గంటలకు ఉద్యోగి ఖాతా మూసుకుపోతుంది. భద్రత కోసం అది సరైన పనే. కానీ ఆ ఖాతా వెనకే అతని పాత జీతం స్లిప్పులు ఉంటాయి, జీతంలో కోసిన పన్ను వివరాల ఫారం 16 ఉంటుంది, సెలవుల లెక్క ఉంటుంది, ల్యాప్‌టాప్ వెనక్కి పంపడానికి నింపాల్సిన దరఖాస్తు కూడా అక్కడే ఉంటుంది. ఆరు దాటాక ఆ దరఖాస్తు నింపడానికి అతనికి దారి లేదు. యంత్రం చేరేదాకా తుది చెల్లింపు ఆపేస్తారు. ఆ చెల్లింపు తేలేదాకా రిలీవింగ్ లెటర్, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేశామన్న కాగితం, ఇవ్వరు. ఆ కాగితం లేకుంటే కొత్త కంపెనీ చేర్చుకోదు. ఎక్కడో సామాన్ల జాబితాలో ఒక గడి నిండలేదని ఒక మనిషి బతుకు ఆగిపోతోంది మంత్రిగారూ.

మాతో పనిచేసిన ఒక అమ్మాయి సంగతి మీరు వినాలి. ఊరు మదనపల్లె. ఆమెకు జీతం ఇచ్చేది ఒక మ్యాన్‌పవర్ ఏజెన్సీ, పని చేయించుకునేది వేరే కంపెనీ, ల్యాప్‌టాప్ ఆ రెండో కంపెనీది. కాంట్రాక్టు ముగిసింది. వస్తువు తీసుకెళ్లడానికి కొరియర్ కుర్రవాడు ఇంటికి వచ్చాడు. ల్యాప్‌టాప్ అడుగు భాగం పొంగి ఉంది, మూత సరిగా పడటం లేదు. లోపల బ్యాటరీ ఉబ్బింది. అతను తీసుకోనన్నాడు. అతని తప్పు లేదు, పాడైన లిథియం బ్యాటరీకి మంట అంటుకోవచ్చు, అలాంటిదాన్ని విమానంలో పంపడానికి నిబంధనలే ఒప్పుకోవు. ఆమె ఏజెన్సీకి ఫోను చేసింది. వస్తువు మాది కాదు, ఆ కంపెనీని అడగమన్నారు. కంపెనీకి మెయిల్ పెట్టింది. మీరు మా ఉద్యోగి కారు, ఏజెన్సీ ద్వారా రండి అని జవాబు వచ్చింది. పంపకపోతే పూర్తి ధర కోస్తామని మళ్లీ ఏజెన్సీ నుంచే హెచ్చరిక వచ్చింది.

చివరికి ఆ ఉబ్బిన యంత్రాన్ని సంచిలో పెట్టుకుని, మండుటెండలో, కిక్కిరిసిన బస్సులో బెంగళూరుకు తెచ్చింది. కొరియర్ వ్యానుకు వద్దనుకున్న ప్రమాదాన్ని ఒక ఆడపిల్ల ఒడిలో పెట్టుకుని, చుట్టూ ఉన్న ప్రయాణికులకు తెలియకుండా మోసుకురావాల్సి వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ కంపెనీ గేటు దగ్గర ఆమె గుర్తింపు కార్డు పనిచేయలేదు, ఎందుకంటే ఆమె ఇప్పుడు ఉద్యోగి కాదు. సామాన్లు తీసుకునే విభాగం, కంపెనీ సిస్టంలో నమోదు చేసిన టికెట్ (అభ్యర్థన) ఉంటేనే తీసుకుంటామంది. టికెట్ వేయాలంటే లాగిన్ కావాలి. లాగిన్ మూసేశారు. మధ్యాహ్నం దాకా గేటు బయట నిలబడ్డాక రిసెప్షన్ నుంచి ఒకాయన జాలిపడి వచ్చి, తెల్లకాగితం మీద "ల్యాప్‌టాప్ ఒకటి, చార్జర్ ఒకటి" అని రాసి సంతకం పెట్టి లోపలికి తీసుకెళ్లాడు. సీరియల్ నంబరు రాయలేదు. కంపెనీ తన వస్తువు మీద అంటించే ఎసెట్ ట్యాగ్ నంబరు రాయలేదు. ఆయన మంచితనం వల్ల ఆమె ఆ రోజు ఇల్లు చేరింది. ఆ రెండు నంబర్లు లేకపోవడం వల్ల ఇప్పటికీ ఆమె డబ్బు చేతికి రాలేదు.

కొన్ని వారాల తర్వాత ఏజెన్సీ నుంచి లెక్క వచ్చింది. యంత్రం అందినట్టు కంపెనీ రికార్డులో లేదట. అందినా బ్యాటరీ పాడు చేశారట. రెండు కారణాలూ ఒకే మెయిల్‌లో ఉన్నాయి! అందని వస్తువు పాడైందని ఎలా తెలిసిందో అడిగితే సమాధానం లేదు. కొత్త ల్యాప్‌టాప్ ధర మొత్తం ఆమె చివరి జీతంలోంచి, వాడుకోని సెలవుల డబ్బులోంచి తీసేశారు. ఆ యంత్రం నాలుగేళ్ల నాటిది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్ విలువను ఏటా 40 శాతం చొప్పున తగ్గించుకుంటారు; ఆ లెక్కన నాలుగేళ్లకు మిగిలేది కొన్న ధరలో దాదాపు 13 శాతం. ప్రభుత్వానికి చూపే పుస్తకంలో 13 శాతం, ఉద్యోగి దగ్గర వసూలు చేసేటప్పుడు నూటికి నూరు. ఈ లోగా ఆమెకు ఖాయమైన కొత్త ఉద్యోగం కూడా రిలీవింగ్ లెటర్ అందలేదన్న కారణంతో చేజారిపోయింది.

బ్యాటరీ ఎందుకు ఉబ్బుతుందో చెప్పనివ్వండి, ఇది నా పనిలో రోజూ చూసేదే. లిథియం బ్యాటరీ ఎప్పుడూ నూటికి నూరు చార్జింగ్‌లో, వేడిలో ఉంటే లోపలి రసాయనాలు క్రమంగా విడిపోయి వాయువు పుడుతుంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు షిఫ్టు పొడవునా ప్లగ్ పెట్టే ఉంచుతారు. కరెంటు పోయి కాల్ మధ్యలో ఆగిపోతే హాజరు కోస్తారని వాళ్ల భయం. రాయలసీమ వేసవిలో ఏసీ లేని గదిలో అలా కొన్నేళ్లు నడిచిన యంత్రం ఉబ్బితే దాన్ని ఉద్యోగి నిర్లక్ష్యం అనడం అన్యాయం. చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపేసే ఏర్పాటు చాలా ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. కానీ కంపెనీ యంత్రంలో ఆ సెట్టింగు మార్చే అధికారం ఉద్యోగికి సాధారణంగా ఉండదు. ఆ అధికారం మా లాంటి అడ్మిన్ల చేతిలో పెట్టారు. మార్చుకోలేని సెట్టింగుకు ఆమె మూల్యం చెల్లిస్తోంది. అదే ఆఫీసులో ఉండి ఉంటే, బ్యాటరీ కాస్త పొంగగానే సపోర్ట్ బల్ల దగ్గరికి వెళ్లేది, అరగంటలో మార్చి ఇచ్చేవాళ్లం. పైసా అడిగేవాళ్లం కాదు.

ఈ పద్ధతి వల్ల భద్రతకూ మేలు జరగడం లేదు. సరైన రసీదు లేకుండా తీసుకున్న ఆ ల్యాప్‌టాప్ ఇప్పుడు ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు. ఏ అలమరలో ఉందో, ఎవరి చేతిలో ఉందో, అందులోని డేటా తుడిచారో లేదో తెలియదు. డబ్బు పోతుందన్న భయంతో యంత్రాన్ని వెనక్కి ఇవ్వకుండా ఇంట్లోనే పెట్టుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు. అప్‌డేట్లు అందని ఆ యంత్రాల్లో కస్టమర్ల వివరాలు ఉంటాయి. 250 కోట్ల జరిమానాకు భయపడే సంస్థలు వస్తువు చేతికి వచ్చేటప్పుడు ఒక సీరియల్ నంబరు రాసుకోలేవా?

ఇక చట్టం సంగతి మీకు నేను చెప్పక్కరలేదు, మీ శాఖదే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లో 17వ సెక్షను, రాజీనామా చేసినా తొలగించినా రెండు పనిదినాల్లోగా వేతనం చెల్లించాలంటోంది. ల్యాప్‌టాప్ వచ్చాక అని అందులో ఎక్కడా లేదు. 21వ సెక్షను, వస్తువు నష్టానికి కోత వేసే ముందు ఉద్యోగి వాదన వినాలనీ, కోత అసలు నష్టాన్ని మించకూడదనీ చెబుతోంది. ఆమె వాదన ఎవరు విన్నారు? ఆమెకు నోటీసు ఎవరిచ్చారు? మినహాయింపు ఉందని కంపెనీలు మాతో అంటున్నాయి. 2024 జూన్‌లో మీ ప్రభుత్వం ఐటీ రంగానికి మరో అయిదేళ్లు ఇచ్చిన మినహాయింపు అప్పటి స్టాండింగ్ ఆర్డర్ల చట్టం (ఉద్యోగ నియమాలను ముందే రాసి ఉంచమనే చట్టం) నుంచి ఇచ్చినది. జీతం ఇవ్వకుండా ఉండటానికి ఇచ్చినది కాదు. పైగా దానికి షరతులు పెట్టారు: యాజమాన్యం, ఉద్యోగులు సమానంగా ఉండే ఫిర్యాదుల కమిటీ ఉండాలి, తొలగింపుల లాంటి చర్యలను కార్మిక శాఖకు తెలపాలి, అడిగిన సమాచారం వెంటనే ఇవ్వాలి. ఆ కమిటీ ఎక్కడుందని ఆమె అడిగితే ఏజెన్సీ కంపెనీ వైపు చూపింది, కంపెనీ ఏజెన్సీ వైపు చూపింది. షరతులు అమలవుతున్నాయో లేదో చూడమనే మేము అర్జీల్లో వేడుకున్నాం.

కంపెనీలకు అవసరమైనప్పుడు ప్రభుత్వాలు ఎంత వేగంగా కదిలాయో మేము చూశాం. 2020 నవంబర్‌లో టెలికాం శాఖ బీపీఓల మీద ఉన్న నిబంధనలను ఒక్కసారిగా సడలించి, ఇంటి నుంచి పనిచేయించుకోవడానికి దారి తీసింది. మంచిదే, మాలో చాలామందికి ఊరూ, తల్లిదండ్రులూ దక్కారు. ఇల్లే ఆఫీసు అయినప్పుడు ఆఫీసులో దొరికే రక్షణ కూడా ఇంటికి రావాలి కదా. అది రాలేదు.

ఫోను సంగతి కూడా ఒక మాట. సొంత ఫోనులో కంపెనీ యాప్ పెట్టుకోకపోతే లాగిన్ కోడ్ రాదు, లాగిన్ లేకపోతే ఆ రోజు జీతం లేదు. కొన్నిచోట్ల ఫోను మొత్తాన్ని తుడిచేసే అధికారం కూడా ఆ యాప్‌తో అడుగుతున్నారు. ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అనే విడి అర ఉంది, కంపెనీ డేటాను అందులోనే ఉంచి అంతవరకే తుడవవచ్చు. సాంకేతికంగా అడ్డంకి ఏమీ లేదు, అలా చేయమని చెప్పేవారు లేరు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది ఈ రాష్ట్ర హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి గారు వేసిన పిటిషన్ మీదే. ఆ తీర్పు పుట్టిన నేల మీద, జీతం కావాలంటే నీ ఫోను తాళాలు ఇవ్వమంటున్నారు.

మంత్రిగారూ, మేము పెద్దవేమీ అడగడం లేదు. ల్యాప్‌టాప్ ఇచ్చేటప్పుడూ తీసుకునేటప్పుడూ సీరియల్ నంబరుతో రసీదు ఉండాలని ఒక ఆదేశం ఇవ్వండి. వెనక్కి తెప్పించుకునే ఖర్చు, బాధ్యత వస్తువు ఎవరిదో వారిదే అని చెప్పండి. ఉబ్బిన బ్యాటరీని బస్సులో మోసుకురమ్మనే హక్కు ఏ కంపెనీకీ లేదని చెప్పండి. జీతాన్నీ రిలీవింగ్ లెటర్‌నూ యంత్రానికి ముడిపెట్టవద్దని చెప్పండి, ఇది చట్టంలో ఉన్నదే, మీ నోటితో మరోసారి చెప్పండి చాలు. ఖాతా మూసినా జీతం స్లిప్పులు, ఫారం 16 ఉద్యోగి సొంత మెయిల్‌కు అందేలా చూడండి. కాంట్రాక్టు ఉద్యోగి ఫిర్యాదు ఏ కమిటీ వినాలో తేల్చండి. ఆ కమిటీలు అసలు ఉన్నాయో లేదో మీ అధికారులను పంపి చూడండి. జీతాన్ని ఆపవద్దని చెప్పండి, మళ్లీ అడుగుతున్నాను, ఎందుకంటే నెల మొదటి వారంలో అద్దె కట్టాల్సినవాళ్లకు మిగతావన్నీ ఆ తర్వాతే.

ఆ అమ్మాయి దగ్గర ఉన్న తెల్లకాగితం రసీదు, కొరియర్ తిరస్కరించిన సందేశం, కోత వేసిన మెయిల్, అన్నిటి నకళ్లూ అర్జీతో జతచేశాం. మీ కార్యాలయంలోనే ఉన్నాయి. వాటిని ఒక్కసారి తెప్పించుకుని చదవండి. ఏజెన్సీనీ కంపెనీనీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఆమెను కూడా పిలిచి, ఆ యంత్రం ఎక్కడుందో అడగండి. తేదీ చెబితే ఆమె మదనపల్లె నుంచి వస్తుంది, మేమూ తోడు వస్తాం.

ఇట్లు,
ఒక ఐటీ సపోర్ట్ ఉద్యోగి,
మారతహళ్లి, బెంగళూరు