డిఫెండర్‌కు వీడ్కోలు చెప్పేటప్పుడు ఏం లెక్కపెట్టాలి?

సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో వెస్ట్ కోస్ట్ ఈగిల్స్ డిఫెండర్ జెరెమీ మెక్‌గవర్న్ 2025 జూన్‌లో ఆటకు స్వస్తి చెప్పాడు. ఆడినవి 197 మ్యాచ్‌లు. ఐదుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో (ఏటా లీగ్ మొత్తం నుంచి ఎంచే ఉత్తమ ఆటగాళ్ల జట్టు) చోటు, 2018లో లీగ్ విజేత జట్టులో సభ్యుడు. తలకు తగిలిన దెబ్బల వల్ల ఇక ఆడొద్దని వైద్య నిపుణుల బృందం సూచించింది. ఈ మాత్రం వివరాలు ఏ వార్తలోనైనా దొరుకుతాయి. అభిమానులు అతన్ని అంతగా ఎందుకు నెత్తిన పెట్టుకున్నారో మాత్రం ఈ అంకెలు చెప్పవు. అది కాస్త వివరంగా చెబుదామనే ఈ ఉత్తరం.

ముందుగా ఒక మాట. ఇది రగ్బీ కాదు, సాకరూ కాదు. మైదానం కోలగా ఉంటుంది, చాలాచోట్ల క్రికెట్ స్టేడియమే దీనికీ మైదానం. మన నితీశ్ కుమార్ రెడ్డి 2024 డిసెంబరులో 114 పరుగులు చేసిన మెల్‌బోర్న్ మైదానంలోనే సాధారణంగా దీని ఫైనల్ జరుగుతుంది. జట్టుకు 18 మంది, ఆఫ్‌సైడ్ లేదు. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు ఉంటాయి. బంతిని తన్ని నడిమి రెండింటి మధ్య నుంచి పంపితే 6 పాయింట్లు, పక్క సందుల్లోంచి పోతే 1. ఈ ఒక పాయింటును బిహైండ్ అంటారు. తన్నిన బంతి కనీసం 15 మీటర్లు ప్రయాణించి, మధ్యలో ఎవరికీ తగలకుండా చేతికి చిక్కితే అది ‘మార్క్’. పట్టినవాడు ఎవరి అడ్డూ లేకుండా తీరిగ్గా తన్నుకోవచ్చు. గోల్ ముందు ప్రత్యర్థి మార్క్ పట్టాడంటే 6 పాయింట్లు పోయినట్టే అనుకోవాలి. అందుకే ఆ క్యాచ్ పడనివ్వకపోవడమే డిఫెండర్‌కు మొదటి పని.

దానికి రెండు దారులు. ఒకటి స్పాయిల్, అంటే బంతిని పిడికిలితో గుద్ది తప్పించడం. అరచేత్తో తడితే బంతి అక్కడే కిందపడుతుంది. అలా జారిపడే బంతి కోసమే ప్రత్యర్థి జట్టు పొట్టి ఫార్వర్డ్‌లు, అంటే గోల్ కొట్టే పనిలో ఉండేవాళ్లు, గోల్ ముందు కాచుకుని ఉంటారు. అందుకే పిడికిలితో, అదీ హద్దు గీత వైపు గుద్దాలి. అర క్షణం ముందు ఎగిరితే బంతి తల మీదుగా వెళ్లిపోతుంది. ఆలస్యమైతే పిడికిలి ప్రత్యర్థి చేతులకు తగులుతుంది, అంపైర్ ఫ్రీ కిక్ ఇస్తాడు. వెనక నుంచి తోసినా అంతే. గోల్ ఎదుట ఫ్రీ కిక్ ఇవ్వడమంటే కోరి 6 పాయింట్లు అప్పజెప్పడమే.

రెండోది ఇంటర్‌సెప్ట్ మార్క్. మెక్‌గవర్న్ ఇందులో దిట్ట. తనకు అప్పగించిన ఫార్వర్డ్‌ను వదిలేసి, వేరొకరికి వస్తున్న బంతిని మధ్యలో పట్టేయాలి. ఇక్కడ చూపు తన ఫార్వర్డ్ మీద కాదు, దూరంగా తన్నబోతున్నవాడి మీద ఉండాలి. వెంటపడుతున్నవాళ్ల ఒత్తిడిలో హడావిడిగా తన్నిన బంతి ఎత్తుగా, నెమ్మదిగా వస్తుంది. దాని కిందికి చేరేందుకు సమయం దొరుకుతుంది. నింపాదిగా తన్నిన బంతి తక్కువ ఎత్తులో, వేగంగా వస్తుంది, దాని జోలికి పోకూడదు. లెక్క తప్పితే వదిలేసి వచ్చిన ఫార్వర్డ్ గోల్ ముందు ఒంటరిగా నిలబడి ఉంటాడు. గ్యాలరీలో ప్రతి కన్నూ ఆ తప్పునే చూస్తుంది.

గండం గడవడానికి డిఫెండరే బంతిని తన వైపు గోల్ గీత దాటించి, ప్రత్యర్థికి ఒక్క పాయింటు మాత్రం ఇచ్చి బయటపడే ఉపాయమూ ఉండేది. 2008 ఫైనల్‌లో హాథార్న్ జట్టు ఇలా 11 బిహైండ్లు ఇచ్చి మరీ కప్పు గెలిచింది. మరుసటి ఏడాది నుంచి, ఒత్తిడేమీ లేకుండా కావాలని అలా చేస్తే ఫ్రీ కిక్ ఇస్తున్నారు. డిఫెండర్లకు ఉన్న ఒక్క సులువు దారీ అలా ఇరుకైపోయింది.

అభిమానులు మళ్లీ మళ్లీ తలుచుకునేది 2018 సెప్టెంబరు 29 నాటి ఫైనల్‌నే. పక్కటెముకల గాయంతోనే మెక్‌గవర్న్ బరిలోకి దిగాడు. ఆట చివరి నిమిషాల్లో ప్రత్యర్థి జట్టు కాలింగ్‌వుడ్ 2 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. వాళ్లు మళ్లీ దాడికి వచ్చినప్పుడు మెక్‌గవర్న్ వెనక భాగంలో బంతిని పట్టాడు. అతని నుంచి సహచరుడు నేథన్ వార్డీకి, వార్డీ నుంచి లియామ్ రయన్‌కు, రయన్ నుంచి డామ్ షీడ్‌కు బంతి చేరింది. షీడ్ హద్దు గీత పక్కన, గోల్ సన్నగా కనిపించే కోణం నుంచి తన్నాడు. గోల్! చివరి స్కోరు 79–74. స్కోరు కార్డులో ఆ గోల్ ఎదురుగా ఉన్నది షీడ్ పేరే, న్యాయంగా అతనిదే కూడా. కానీ ఆ వరస ఎక్కడ మొదలైందో ఏ ఈగిల్స్ అభిమానిని అడిగినా తడుముకోకుండా చెబుతాడు.

కబడ్డీలో డిఫెండర్ రెయిడర్‌ను పట్టేస్తే పాయింటు వస్తుంది, బోర్డు మీద పడుతుంది. ఫుటీలో (ఈ ఆటకు అభిమానుల ముద్దుపేరు) అలా కాదు. ఫార్వర్డ్ టోనీ లాకెట్ 1,360 గోల్స్ కొట్టాడని రాస్తే ఇక వివరణ అక్కర్లేదు. డిఫెండర్ ఆపేసిన గోల్స్‌కు అలాంటి పద్దు లేదు. పంట లెక్కలో కంచె వేసినవాడి పేరు రాయరుగా.

గాయాల సంగతి. ఇంటర్‌సెప్ట్‌కు వెళ్లేవాడు బంతి మీదే కన్నుంచి వెనక్కి పరుగెత్తుతాడు. ఎదురుగా వచ్చి ఎగిరేవాడి మోకాలు ఎక్కడుందో అతనికి కనిపించదు. చేతులు పైకెత్తి ఉంటాయి కాబట్టి తలను కాచుకునే వీలూ ఉండదు. తలదెబ్బ వల్ల కంకషన్ (మెదడు అదిరి కలిగే గాయం) అయితే ఏఎఫ్‌ఎల్‌లో, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో, కనీసం 12 రోజులు ఆడనివ్వరు. దెబ్బలు పదే పదే తగిలితే ఆ 12 రోజుల లెక్క చాలదు. అప్పుడే విషయం వైద్య నిపుణుల బృందం దగ్గరికి వెళ్లేది.

ఇలా వెళ్లిపోయేవాళ్లకు ముందుగా ప్రకటించి ఆడే చివరి మ్యాచ్ ఉండదు. మామూలుగా అయితే చివరి మ్యాచ్ ముగిశాక సహచరులు భుజాలకెత్తుకుని మైదానం దాటిస్తారు. మ్యాచ్‌కు ముందు కాగితపు బ్యానర్ ఒకటి ఉంటుంది. దాన్ని అభిమానులే తయారు చేస్తారు. పొడవాటి క్రేప్ కాగితాలను హాలు నేల మీద పరిచి, టేపుతో అతికి, కత్తిరించిన అక్షరాలు అంటించి, చుట్టగా చుట్టి తెస్తారు. మైదానంలో కర్రలతో, తాళ్లతో నిలబెడతారు. ఆటగాళ్లు దాన్ని చీల్చుకుంటూ పరుగెత్తుకొస్తారు. కిటుకంతా టేపు దగ్గరే. మధ్యలో ఎక్కువ వేస్తే ముందొచ్చేవాడు చిక్కుకుంటాడు, తక్కువ వేస్తే జట్టు రాకముందే గాలికి చిరిగిపోతుంది. వాన పడితే రంగు కారి అక్షరాలు అలుక్కుపోతాయి. రోజుల తరబడి చేసిన పని కొన్ని క్షణాల్లో ముక్కలవుతుంది, ఆట మొదలయ్యేలోగా వాళ్లే ఆ ముక్కలు ఏరుకుంటారు.

మీ క్రీడా పేజీకి మా వినతి చిన్నదే. ఏ ఆటలోనైనా డిఫెండర్ రిటైరైనప్పుడు, ఎన్ని మ్యాచ్‌లు ఆడాడన్న అంకె పక్కన అతను ఆపిన ఒక్క దాడి గురించి రెండు వాక్యాలు రాయండి. ఏ దాడి అన్నది అభిమానులను అడిగితే చెబుతారు.

ఇట్లు,
ఫుటీ చూసే కొందరు తెలుగు పాఠకులు,
పెర్త్