వన్స్‌మోర్ అడగనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

ఈమధ్య మా ఊళ్లో తిరుపతి వేంకట కవుల పద్యనాటకం ‘పాండవోద్యోగం’ చాలాకాలానికి మళ్లీ ఆడారు. కుర్చీలు చాలక కుర్రాళ్లు గోడవారన నిలబడి చూశారు. మర్నాడు టీకొట్ల దగ్గర చర్చంతా ప్రేక్షకుల మీదే. అరుపులు, ఈలలు, నవ్వులు, ఇదేం పద్ధతని పెద్దలు కొందరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ గోలలో తప్పేం కనపడలేదు.

నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడు, అర్జునుడు సాయం కోరి వచ్చే పడక సీనే తీసుకోండి. కృష్ణుడు లేచి ‘బావా ఎప్పుడు వచ్చితీవు’ ఎత్తుకున్నాడో లేదో సగం హాలు గొంతు కలిపింది. పద్యం అయ్యీ అవగానే వెనక నుంచి వన్స్‌మోర్! హార్మోనిస్టు మెట్ల మీంచి వేళ్లు తీయకుండా కృష్ణుడి వంక చూశాడు. ఇంతలో మైకులో ‘దయచేసి వన్స్‌మోర్‌లు అడగవద్దు’ అని ప్రకటన. అప్పటికే కృష్ణుడు మళ్లీ అందుకున్నాడు. అదే కుశలప్రశ్న రెండోసారి వినాల్సొచ్చిన దుర్యోధనుడు మీసం దువ్వుకుంటూ ‘ఇందాకేగా అడిగావు’ అన్నట్టు ఓ చూపు చూశాడు. హాలంతా గొల్లుమంది. దీన్ని నాటకం పాడుచేయడం అంటారా?

పద్యనాటకం బతికిందే ఇలా. ఆడవేషాలకు పేరుపడ్డ స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషంలో ‘మీరజాలగలడా’ పాటను జనం అడిగిన కొద్దీ ఒక్కోసారి ఒక్కో భావంతో అభినయించేవారని మా తెనాలిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనకు 1956లో పద్మశ్రీ వచ్చిందన్న సంగతి ఎందరికి గుర్తుందో గానీ, ఆ వన్స్‌మోర్‌ల కబుర్లు మాత్రం అందరికీ తెలుసు. పడక సీనుకో కృష్ణుడు, రాయబారానికో కృష్ణుడు దిగితే ఎవరు బాగా పాడారో తేల్చేదీ ఆ చప్పట్లే.

కుర్రకారు నవ్విన మాట నిజమే. ఓ నటుడు పద్యం చివరి అక్షరం పట్టుకుని ఎంతకీ వదల్లేదు. రాగం తీయొచ్చు, మాట వినపడనంతగా తీస్తే నవ్వరా మరి?

అసలు రసభంగం గురించి ఎవరూ నోరు మెదపలేదు. రాయబారం మొదలవబోతుండగా అతిథి గారు వచ్చారని నాటకం ఆపేశారు. శాలువాలు, జ్ఞాపికలు, ఉపన్యాసాలు. రంగు చెమటకు కారిపోతుంటే నటులు కిరీటాలతో తెర పక్కన నిలబడ్డారు. తీరా మొదలెట్టాక, టైమ్ అయిపోతోందని పద్యాలు ఎగరగొట్టారు. రాయబారంలోని ‘జెండాపై కపిరాజు’ పద్యం కోసం పక్క ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఆఖరి బస్సు పోతుందన్న టెన్షన్‌తో అది వినకుండానే లేచిపోయారు. వన్స్‌మోర్‌కు రెండు నిమిషాలు లేవట గానీ, దండలకు బోలెడు టైమ్!

ఏటా ఏప్రిల్ 16న కందుకూరి జయంతిని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. వచ్చే ఏడాదికల్లా సాంస్కృతిక శాఖ, కళాపరిషత్తులు కలిసి ఒక్క నియమం పెట్టుకుంటే చాలు: సన్మానాలు తెర లేవకముందో, దించాకో. ఫోన్ల ఫ్లాష్‌లైట్లు ఆర్పమనండి, కాదనం. వన్స్‌మోర్ సంగతి మాత్రం నటుడికీ జనానికీ వదిలేయండి, వాళ్లే చూసుకుంటారు.

– ఒక నాటకాభిమాని, తెనాలి