పాత కంప్యూటర్లకు ఒక గది ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు లేని పాత కంప్యూటర్లకు విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. అలాగని పాత సామాన్లకు వేసేయాలా? విండోస్ బదులు ఉచితంగా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టం లైనక్స్‌తో అవి ఇంకా కొన్నేళ్లు నడుస్తాయి.

తిరుపతిలో మా లైనక్స్ యూజర్ గ్రూపు ఏళ్లుగా చేస్తున్నదిదే. ఎవరో ఒకరి మిద్దె మీద చేరి, వచ్చినవాళ్ల మిషన్లలో లైనక్స్ ఎక్కిస్తాం. ఒకప్పుడు సీడీలు చేతులు మారేవి. డయలప్ మోడెంకు డ్రైవర్ దొరక్క రాత్రంతా కూర్చునేవాళ్లం (ఇది చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు). ఇప్పుడు పెన్‌డ్రైవ్ చాలు, ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూసుకోవచ్చు.

నేర్పడానికి మనుషులున్నారు, చోటే లేదు. ఆదివారం కాలేజీ ల్యాబులకు తాళాలే. గ్రంథాలయాల వారు నెలకో ఆదివారం ఒక గది, కరెంటు ఇస్తే చాలు. టీ ఖర్చు మేమే పెట్టుకుంటాం.

– ఒక లైనక్స్ అభిమాని, తిరుపతి